లాగే పడవకు ఏ ఇంజను మంచిది?

కిందటి మాఘమాసంలో ఒక ఆదివారం మా తొమ్మిదో తరగతి పిల్లలను ఋషికొండ సముద్రతీరానికి తీసుకువెళ్ళాను. ఆ రోజు సముద్రం శాంతంగా ఉంది. ఒడ్డుకు కొంత దూరంలో ఒక బోటు నిలబడి ఉంది. దాని వెనక మోకు కట్టి ఉంది. మోకు చివర గాలి నింపిన పెద్ద రబ్బరు తిత్తి, దాని మీద లైఫ్ జాకెట్లు తొడుక్కున్న నలుగురు మనుషులు. సరంగు ఇంజను వేగం పెంచగానే బోటు వెనక గుప్పున నల్లటి పొగ లేచింది. బోటు ముక్కు పైకెత్తి నీటితో కాసేపు పెనుగులాడింది. తరువాత ముక్కు దించుకుని, గచ్చు మీద జారినట్టు నీటి మీద పరుగు తీసింది.

ఒక కుర్రవాడు నా చెయ్యి పట్టుకుని అడిగాడు: "మాస్టారూ! మా నాన్న కరెంటు ఆటో నడుపుతాడండి. పొగుండదు, చప్పుడుండదు. ఈ బోటుకీ బ్యాటరీ పెట్టెస్తే ఏటవుద్దండీ?"

నేను జవాబు చెప్పేలోగా జాలారిపేట నుంచి వచ్చే మరో కుర్రవాడు అందుకున్నాడు: "మా మరబోటుకి డీజిలే ఉండాల. నడి సముద్రంలో బ్యాటరీ అయిపోతే ఎవుడు లాక్కొస్తాడురా?"

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. మరి ఎవరి మాట ఎంతవరకు నిజం? ఊహతో కాక లెక్కతో తేల్చుకుందాం.

లాగడం అంత తేలిక కాదు

ఎడ్లబండి కదిలేటప్పుడు ఎడ్లు మెడలు వంచి ఎంత బలంగా లాగుతాయో మీరు చూసే ఉంటారు. బండి ఒకసారి దొర్లడం మొదలుపెడితే అంత బలం అక్కరలేదు. పడవ సంగతి ఇంకొంచెం చిత్రమైనది. పడవ నీటిని వెనక్కు నెడుతుంది, నీరు పడవను ముందుకు నెడుతుంది. ఇది న్యూటన్ మూడవ సూత్రం. కాని ముందుకు పోయే పడవ తన ముక్కు దగ్గర ఒక అలను తానే పుట్టిస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పెద్దదవుతుంది. స్పీడుబోటు ఆ అలను ఎక్కి దాటాలి. మేము చూసిన ముక్కెత్తిన పెనుగులాట అదే. దాటిన తరువాత బోటు అడుగుభాగం నీటిని కోయడం మాని, నీటి పైన జారుతుంది. వెనక నలుగురు మనుషుల బరువు కూడా ఉంటే ఆ ఎక్కుడు మరీ కష్టం. కనుక ఆటకు లాగే బోటుకు గొప్ప వేగం ఒక్కటే చాలదు. తక్కువ వేగంలో గట్టిగా లాగే శక్తి కావాలి.

దీనికి పెద్దన్న మన ఓడరేవులోనే ఉంది. విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైంది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు కాలువ గుండా పెద్ద ఓడలు లోపలి రేవుకు రావాలి. అంత పెద్ద ఓడ ఇరుకు చోట తనంతట తాను మలుపు తిరగలేదు. అందుకే టగ్గులనే పొట్టి పడవలు దాన్ని తాళ్ళతో లాగి, పక్కల నుంచి నెట్టి, గోదా దగ్గరకు చేరుస్తాయి. టగ్గు గొప్పతనాన్ని వేగంతో కొలవరు. దాన్ని గట్టున పాతిన ఇనుప గుంజకు తాడుతో కట్టి పూర్తి బలంతో లాగిస్తారు. తాడు మీద ఎన్ని టన్నుల లాగుడు పడిందో అదే దాని కొలత. ఈ కాలపు రేవు టగ్గులు 50 టన్నులు, అంతకన్నా ఎక్కువ కూడా లాగగలవు.

డీజిలు ఇంజను ఎలా పనిచేస్తుంది?

సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మీకు తెలుసు. గాలిని ఒక్కసారిగా నొక్కితే దాని ఉష్ణోగ్రత పెరుగుతుంది. డీజిలు ఇంజను రహస్యమంతా ఈ సైకిలు పంపులోనే ఉంది. సిలిండరులోని గాలిని పిస్టను సుమారు పదహారో వంతు నుంచి ఇరవయ్యో వంతు ఘనపరిమాణానికి నొక్కుతుంది. గాలి 500 డిగ్రీల సెంటిగ్రేడు దాటి వేడెక్కుతుంది. ఆ సమయానికి డీజిలు నూనెను సన్నని తుంపరగా చిమ్ముతారు. నిప్పురవ్వతో పనిలేకుండానే అది అంటుకుంటుంది. పుట్టిన వాయువులు వ్యాకోచించి పిస్టనును కిందికి తోస్తాయి.

జర్మనీ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో పరీక్షించి చూపిన ఇంజను, నూనెలోని శక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి యంత్రాలతో పోలిస్తే అది చాలా ఎక్కువ. నేటి పడవల డీజిలు ఇంజన్లలో ఇది సుమారు 40 శాతం వరకు ఉంటుంది.

ఇంత పీడనాన్ని తట్టుకోవాలంటే సిలిండరు గోడలు దిట్టంగా ఉండాలి. అందువల్ల డీజిలు ఇంజను బరువైనది, ఖరీదైనది. ఈ కారణంగానే విదేశాలలో నీటి స్కీయింగు బోట్లకు ఎక్కువగా తేలికైన పెట్రోలు ఇంజన్లు పెడతారు. కాని డీజిలుకు రెండు సుగుణాలు ఉన్నాయి. అది మరీ వేగంగా తిరగకుండానే బలంగా తిప్పుతుంది. పైగా పెట్రోలు మామూలు వేడికే ఆవిరై పడవ అడుగున చేరుతుంది. ఒక్క రవ్వ పడితే ప్రమాదం. డీజిలు అంత సులభంగా ఆవిరి కాదు.

మరి మేము చూసిన నల్లపొగ సంగతేమిటి? సరంగు హఠాత్తుగా నూనె ఎక్కువ ఇచ్చాడు. ఆ నూనె పూర్తిగా మండడానికి తగినంత గాలి ఆ క్షణంలో సిలిండరుకు అందలేదు. మండకుండా మిగిలిన కర్బనమే ఆ మసి.

విద్యుత్తు మోటారు ఎలా పనిచేస్తుంది?

మోటారులో మంట లేదు, పిస్టను లేదు. అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగచుట్ట గుండా విద్యుత్తు ప్రవహిస్తే చుట్ట మీద బలం పనిచేస్తుంది, చుట్ట తిరుగుతుంది. డీజిలు ఇంజను నిమిషానికి కొన్ని వందల చుట్లయినా తిరుగుతుంటే గాని నడవదు. మోటారు అలా కాదు. నిశ్చలస్థితి నుంచే పూర్తి బలంతో తిప్పగలదు. విద్యుత్తు దిశ మారిస్తే వెనక్కు తిరుగుతుంది. అందిన శక్తిలో సుమారు 90 శాతాన్ని పనిగా మారుస్తుంది.

ఇది కొత్త సంగతి కాదు. రష్యాలో పనిచేసిన యాకోబి అనే శాస్త్రజ్ఞుడు 1838లోనే సెంట్ పీటర్స్‌బర్గ్ నగరంలోని నేవా నది మీద బ్యాటరీలతో పడవ నడిపాడు. అప్పటికి డీజిల్ మహాశయుడు పుట్టనేలేదు!

రెండు ఇంజన్ల నౌకలు

ఋషికొండ నుంచి తిరిగి వస్తూ పిల్లలను రామకృష్ణా బీచిలో ఉన్న కుర్‌సురా జలాంతర్గామి దగ్గర దింపాను. 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విరమించిన నౌక అది. 2002 నుంచి ఒడ్డున ప్రదర్శనశాలగా ఉంది. సుమారు 91 మీటర్ల పొడవున్న ఆ ఇనుప గొట్టంలో వరసగా నడుస్తూ పోతే మన ప్రశ్నకు సగం జవాబు కంటికి కనిపిస్తుంది. అందులో మూడు డీజిలు ఇంజన్లు, మూడు పెద్ద విద్యుత్తు మోటార్లు, వాటికి వందలకొద్దీ బ్యాటరీ సెల్సు ఉండేవి.

రెండు రకాలూ ఎందుకు? డీజిలు మండడానికి గాలి కావాలి. నీటి అడుగున గాలి ఎక్కడిది? కనుక మునిగినప్పుడు మోటార్లే శరణ్యం. కాని బ్యాటరీలోని శక్తి కొద్దిసేపటికే తరిగిపోతుంది. అప్పుడు నౌక పైకి తేలి, లేదా గాలి పీల్చే గొట్టాన్ని నీటి పైకి చాచి, డీజిళ్ళు నడిపి బ్యాటరీలను నింపుకునేది. డీజిలు లేకపోతే దూరం పోలేదు. మోటారు లేకపోతే మునగలేదు. మన ఇద్దరు కుర్రవాళ్ళ తగవును ఆ నౌక తన కడుపులోనే తీర్చుకుంది.

ఇటువంటి రాజీ ఇంకా ముందే జరిగింది. 1903లో రష్యాలోని వోల్గా నది మీద వాండాల్ అనే నూనె రవాణా నౌక నడిచింది. అప్పటి డీజిలు ఇంజన్లు వెనక్కు తిరగలేవు. వెనక్కు పోలేని నౌక గట్టును గుద్దుతుంది కదా! అందుకని డీజిళ్ళతో జనరేటర్లు తిప్పి, ఆ విద్యుత్తుతో మోటార్లను, మోటార్లతో నీటి పంకాలను తిప్పారు.

బరువు లెక్క

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకింది. సీతమ్మధారలో మా వీధికి కరెంటు తిరిగి రావడానికి రోజులు పట్టింది. మా ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ మొదటి రాత్రే చేతులెత్తేసింది. పక్క అపార్టుమెంటులో డీజిలు జనరేటరు మాత్రం, డబ్బాలతో నూనె తెచ్చి పోసినంత కాలం తిరుగుతూనే ఉంది. ఒక డబ్బా నూనెలో అంత శక్తి దాగి ఉంటుందా?

ఉంటుంది. మీ ఇంటి కరెంటు బిల్లులో ఉండే యూనిట్టునే కొలతగా తీసుకుందాం. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ గంట. ఒక కిలో డీజిలులో సుమారు 12 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇంజను అందులో మూడో వంతును పనిగా మారుస్తుందని తీసుకుంటే మనకు దక్కేది 4 యూనిట్లు. మిగిలిన 8 యూనిట్లు వేడిగా పోతాయి.

ఒక కిలో లిథియం బ్యాటరీ, దాని పెట్టెతో కలిపి, సుమారు 0.15 యూనిట్ దాచుకోగలదు. మోటారులో పదో వంతు పోగా మిగిలేది 0.135 యూనిట్. 4ను 0.135తో భాగించండి. దాదాపు 30 వస్తుంది. అంటే ఒక కిలో డీజిలు చేసే పనికి 30 కిలోల లిథియం బ్యాటరీ కావాలి! మా ఇన్వర్టరులోని సీసపు బ్యాటరీ అయితే వంద కిలోలు దాటుతుంది.

100 కిలోవాట్ల బోటు ఆగకుండా రెండు గంటలు లాగాలనుకోండి. కావలసిన పని 200 యూనిట్లు. డీజిలయితే 50 కిలోలు, అంటే 60 లీటర్లు చాలు. లిథియం బ్యాటరీ అయితే దాదాపు ఒకటిన్నర టన్నులు. ఆ టన్నున్నరను మోయడానికి మళ్ళీ శక్తి కావాలి. జాలారిపేట కుర్రవాడి భయం ఉత్తది కాదు. రోజుల తరబడి సముద్రం మీద ఉండే మరబోటుకు నేటికి డీజిలు తప్పదు.

వేగానికి చెల్లించే మూల్యం

అయితే కథ అక్కడ ముగియలేదు. నీటిని కోసుకుంటూ పోయే మామూలు పడవకు ఒక నియమం ఉంది. వేగం రెట్టింపు చేయాలంటే సామర్థ్యం రెట్టింపు చేస్తే చాలదు, సుమారు ఎనిమిది రెట్లు చేయాలి. ఎందుకంటే నీటి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సామర్థ్యం అంటే బలాన్ని వేగంతో గుణించడం. కనుక వేగం మూడుసార్లు గుణకంలోకి వస్తుంది. నీటి మీద జారే స్పీడుబోట్లకు ఈ లెక్క కొంత మారుతుంది గాని, వేగం ఖరీదైనదనే మాట మారదు.

ఈ నియమాన్నే తిరగవేయండి. వేగం సగం చేస్తే ఎనిమిదో వంతు సామర్థ్యం చాలు! కేరళలో వైకం దగ్గర 2017 నుంచి నడుస్తున్న ఆదిత్య అనే సౌరశక్తి పడవ ఈ కిటుకుతోనే నడుస్తుంది. 75 మందిని ఎక్కించుకునే ఆ పడవ బ్యాటరీ సుమారు 50 యూనిట్లు మాత్రమే. పడవ నెమ్మదిగా పోతుంది, పైకప్పు మీది పలకలు ఎండ నుంచి విద్యుత్తు అందిస్తూ ఉంటాయి. దూరం తక్కువ, వేగం తక్కువ. అక్కడ మోటారుదే గెలుపు.

ఇప్పుడు ఆటకు లాగే బోటు చూడండి. అమెరికాలో 2020 ప్రాంతంలో నాటిక్ అనే పేరుతో పూర్తి విద్యుత్తు బోటు ఒకటి వచ్చింది. నీటి స్కీయింగు వంటి ఆటలకే తయారు చేసినది. దాని బ్యాటరీ 124 యూనిట్లు. మన లెక్క ప్రకారం అది సుమారు 34 లీటర్ల డీజిలు చేసే పనికి సమానం. మామూలు కారు ట్యాంకులో పట్టేంత నూనె! అయినా మధ్యమధ్య ఆగుతూ ఆడితే రెండు మూడు గంటలు సరిపోతుందని తయారీదారులు చెబుతారు. ఎలాగంటే, ఆటలో బోటు ఎప్పుడూ లాగుతూనే ఉండదు. మనిషి నీళ్ళలో పడతాడు, బోటు ఆగుతుంది, తిరిగి వస్తుంది, అతడు మళ్ళీ తాడు పట్టుకుంటాడు. ఆ సేపంతా డీజిలు ఇంజను ఊరకే తిరుగుతూ నూనె తాగుతుంది. మోటారు ఊరుకుంటే ఊరుకున్నట్టే, శక్తి ఖర్చు కాదు. పైగా సాయంత్రానికి బోటు ఎటూ ఒడ్డుకే వస్తుంది. రాత్రంతా ఛార్జి చేసుకోవచ్చు.

రేవు టగ్గు పని కూడా ఇలాంటిదే. కొంతసేపు ఏనుగులా లాగుతుంది, చాలాసేపు నిలబడుతుంది, రేవు దాటి దూరం పోదు. న్యూజీలాండులోని ఆక్లాండ్ రేవులో 2022 నుంచి స్పార్కీ అనే పూర్తి విద్యుత్తు టగ్గు పనిచేస్తోంది. దాని లాగుడు 70 టన్నులు. బ్యాటరీ 2,784 యూనిట్లు. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి అది దాదాపు 14 నెలల కరెంటు! మన దేశంలోనూ 2024లో కేంద్ర ప్రభుత్వం హరిత టగ్గుల పథకం ప్రారంభించింది. మొదటి దశకు కాండ్లా, ముంబయి పక్కనున్న జవహర్‌లాల్ నెహ్రూ రేవు, పారాదీప్, తూత్తుకుడి రేవులను ఎంచుకున్నారు.

పొగ ఎక్కడికి పోయింది?

కరెంటు బోటుకు పొగ లేదు. నిజమే. కాని ఆ కరెంటు ఎక్కడ పుట్టింది?

మన పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ విద్యుత్కేంద్రం ఉంది. దాని సామర్థ్యం 2,000 మెగావాట్లు. అది బొగ్గుతో నడుస్తుంది. 2021లో అక్కడి జలాశయం మీదే 25 మెగావాట్ల తేలియాడే సౌరవిద్యుత్ పలకలు అమర్చారు. 2,000కూ 25కూ తేడా మీరే చూడండి.

మరో చిన్న లెక్క. పంకా దగ్గర 100 యూనిట్ల పని కావాలి. డీజిలయితే 30 లీటర్లు. లీటరు డీజిలు మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడు వస్తుంది. మొత్తం 81 కిలోలు. మోటారయితే ఛార్జింగులోను, మోటారులోను పోయేది కలుపుకుని సుమారు 120 యూనిట్ల కరెంటు కావాలి. మన దేశంలో సగటున ఒక యూనిట్ కరెంటు తయారీకి సుమారు 0.7 కిలో కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. మొత్తం 84 కిలోలు. దాదాపు సమానమే!

అయితే కరెంటు బోటు వల్ల లాభం లేదా? ఉంది. ఈత కొట్టే పిల్లల ముక్కుల దగ్గర మసి ఉండదు. నీటి మీద నూనె జిడ్డు ఉండదు. చెవులు చిల్లులు పడవు. ఇంకో ముఖ్యమైన సంగతి. డీజిలు బోటు ఎన్నేళ్ళయినా డీజిలే తాగుతుంది. కరెంటు బోటు మాత్రం, ఊరికి వచ్చే కరెంటు ఎండ నుంచి, గాలి నుంచి వచ్చిన రోజున, తనలో ఒక్క మర కూడా మార్చకుండా పరిశుభ్రమవుతుంది. పొగ పోవాలంటే బోటును మార్చడం సగం పని. కరెంటు పుట్టే చోటును మార్చడం మిగిలిన సగం.

ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. ఇంజను నడుస్తుండగా బోటు వెనక అంచును పట్టుకుని వేలాడకూడదు. అక్కడ పంకా ఉంటుంది. పొగలో రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడు విషవాయువు కూడా ఉండవచ్చు. కరెంటు బోటుకు ఆ వాయువు లేదు గాని చప్పుడూ లేదు. ఆగిందనుకున్న మోటారు తాకితే తిరగవచ్చు. ఏ బోటయినా లైఫ్ జాకెట్టు లేనిదే ఎక్కవద్దు.

మీరే చేసి చూడండి

పాత బొమ్మకారులోని చిన్న మోటారు తీసుకోండి. ఇరుసుకు కాగితపు పంకా అతికించి ఒక టార్చి సెల్లుకు కలపండి. తీగలు తారుమారు చేస్తే పంకా వెనక్కు తిరుగుతుంది. 1903లో వాండాల్ నౌకకు అక్కరకొచ్చిన గుణం ఇదే. ఇప్పుడు సెల్లు తీసివేసి, తీగలను మీ బడిలోని గాల్వనామీటరుకు తగిలించి ఇరుసును వేళ్ళతో గిర్రున తిప్పండి. ముల్లు కదులుతుంది. మోటారే జనరేటరయింది!

ఆ సాయంత్రం ఇంటికి తిరిగి వస్తూ మా కుర్రవాళ్ళిద్దరికీ చెప్పాను: "ఆడుకునే బోటుకు, రేవులో టగ్గుకు ఆటో అబ్బాయి మాట. చేపల వేటకు పోయే మరబోటుకు జాలారిపేట అబ్బాయి మాట." జాలారిపేట కుర్రవాడు కాసేపు ఆలోచించి అడిగాడు: "కిలోకి 30 కిలోలన్నారు గదండి. ఆ 30ని 5 చేసే బ్యాటరీ ఎవులైనా కనిపెడితే?"

అప్పుడు నా జవాబు మారిపోతుంది. ఆ బ్యాటరీని కనిపెట్టేవారు ఈ రోజు ఏ బడిలో ఏ బెంచీ మీద కూర్చుని ఉన్నారో!